బంగారం ఎక్కడ ఆగుతుందో వాగు చెప్తుంది. ఆ మాట మనకూ అర్థం కావాలి

పోస్టు కొంచెం పొడవు, ఓపికగా చదవండి.

మొన్న ఒక తమ్ముడు డిగ్రీలో ఏ గ్రూపు తీసుకోవాలని అడిగితే జియాలజీ అని నేనొక్కణ్ణే చెప్పాను. "రాళ్ళు చదివి ఏం చేస్తాడన్నా" అని మిగతావాళ్ళు నవ్వారు. దానికి జవాబు ఒక ఎండిన వాగుతో చెప్తాను. ఆ వాగు మనది కాదు, అమెరికాలోని ఆరిజోనా ఎడారిది.

అక్కడి వాగులు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే ఉంటాయి. ఎప్పుడో ఒక గాలివాన పడితే గంటలో పొంగుతాయి, బండల్ని కూడా దొర్లించుకుపోతాయి. మళ్ళీ అంతే తొందరగా ఇంకిపోతాయి. పైన కొండలో తెల్లరాయి చారల్లో బంగారం ఉంటే, ఆ రాయి చితికి, వరదతో కిందికి వస్తుంది. బంగారం మామూలు ఇసుక కన్నా ఏడు రెట్లు బరువు. అందుకే నీటికి ఎక్కడ జోరు తగ్గితే అక్కడే అది దిగబడిపోతుంది.

జోరు ఎక్కడ తగ్గుతుంది? వాగు మలుపు తిరిగేచోట లోపలి వైపు. పెద్ద బండకు దిగువన, నీళ్ళు సుడి తిరిగేచోట. ఇరుకులోంచి వచ్చిన వాగు వెడల్పయ్యేచోట, వాలు తగ్గేచోట. అడుగున రాతిపరుపు ఉంటే, ప్రవాహానికి అడ్డంగా ఉన్న పగుళ్ళు దాన్ని పట్టుకుంటాయి. ఎడారిలో ఇంకోటి ఉంది. సున్నం గట్టిపడి సిమెంటులా తయారైన పొర. అసలు రాతిపరుపు ఇంకా లోతున ఉన్నా, బంగారం ఈ పొర మీదే ఆగిపోతుంది. నల్ల ఇసుక కనిపిస్తే బరువైనవి అక్కడ ఆగుతున్నాయని అర్థం, అంతేగాని బంగారం ఉన్నట్టే అని కాదు. రేణువు గరుకుగా ఉంటే పుట్టినచోటు దగ్గర్లోనే ఉంది. నున్నగా, పలచగా ఉంటే చాలా దూరం నుంచి వచ్చింది.

అక్కడ కడగడానికి నీళ్ళుండవు. మెక్సికోలోని సొనోరా నుంచి వచ్చిన పనివాళ్ళు ఎండిన మట్టిని గాలికి ఎగరేసి, తేలికది పోయాక బరువైనది ఉంచుకునేవాళ్ళు. మన అమ్మలు కళ్ళంలో ధాన్యం తూర్పారపట్టడం చూసిన మనకు ఇది ఎవరైనా విడమరిచి చెప్పాలా? వరద తగ్గాక గులకరాయి ఎక్కడ పడింది, ఇసుక ఎక్కడ మేట వేసింది, ఒండ్రు ఎక్కడికి పోయింది అని మన తాతలు చూపించగలరు. పుస్తకం అదే సంగతికి లెక్క కడుతుంది. తేడా అంతే.

ఇప్పుడు అసలు విషయం. 1863లో బంగారం వెతికేవాళ్ళు ఆరిజోనా మధ్య కొండల్లోకి వచ్చి, లింక్స్ క్రీక్ లాంటి వాగుల్లో బంగారం కనుక్కున్నారు. మరుసటి ఏడాదే ఆ పక్కన ప్రెస్కాట్ అనే ఊరు పుట్టింది, అదే ఆ ప్రాంతానికి రాజధాని అయింది. ఆ కొండలు యవపాయి ఆదివాసులవి. పన్నెండేళ్ళు తిరక్కుండానే, 1875 చలికాలంలో, యవపాయిలనూ టోంటో అపాచీలనూ సైన్యం సుమారు 180 మైళ్ళు నడిపించి శాన్ కార్లోస్‌కు తరిమింది. దారిలో వందమందికి పైగా చనిపోయారు. ఆ వాగులు వాళ్ళకు కొత్తవి కావు. తరతరాలుగా వాటి ఒడ్డునే బతికారు. కానీ ఆ వాగులో ఉన్నది బయటి మార్కెట్లో ఎంత పలుకుతుందో, దానికోసం ఎవరు ఏ కాగితం పట్టుకుని వస్తారో చదివినవాళ్ళు వేరే.

మన దగ్గర కథ కొంచెం వేరుగా నడిచింది. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెళ్తే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అది మన గెలుపే. అయితే అదే తీర్పు ప్రభుత్వ సంస్థలు, ఆదివాసుల సహకార సంఘాలు తవ్వుకోవడానికి దారి ఉంచింది. సహకార సంఘం పెట్టుకుందామంటే, కొండలో ఏముందో, తవ్వితే ఊట ఏమవుతుందో చెప్పేవాడు మనలో ఉండాలి కదా. చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు కావాలని 1996 నాటి పెసా చట్టం చెప్తోంది. సభలో మ్యాపు పరిచినప్పుడు అది మనోళ్ళకు అర్థం కాకపోతే ఆ సిఫారసు వేలిముద్రే అవుతుంది.

"జియాలజీ చదివినోడు చివరికి కంపెనీకే పనిచేస్తాడు" అనే మాట కూడా విన్నాను. కొందరు చేస్తారు, కాదనను. లా చదివినవాళ్ళలోనూ అలాంటివాళ్ళు ఉన్నారు. అలాగని లా చదవొద్దని ఎవరమూ అనట్లేదు కదా.

తట్ట పట్టుకుని గెడ్డలోకి దిగమని నేను చెప్పట్లేదు. తవ్వాలా వద్దా అన్నది ఊరు తేల్చుకోవాల్సిన మాట. ఆ మాట తేల్చే రోజున, సర్వే వాళ్ళు చెప్పింది నిజమో కాదో చూడగలిగిన పిల్ల ఒక్కతైనా ప్రతి మండలంలో ఉండాలి. అందరం టీచరు, పోలీసు, గ్రూప్స్ అనే మూడు దారుల్లోనే తోసుకుంటున్నాం. నాలుగోది ఇదిగో ఇక్కడుంది.

ఆ తమ్ముడు ఇది చదువుతుంటే ఒక్కటే చెప్తాను. ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు తాతతో కలిసి గెడ్డ వెంట నడువు. ఆయన చెప్పింది రాసుకో. తర్వాత ఏ గ్రూపు తీసుకోవాలో నువ్వే ఆలోచించు.

ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి, మాట్లాడుకుందాం.