గడ్డ కోయించే ముందు ఒక్క మాట.. సార్కోమాలో తొలి కోతే కీలకం! జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాసులు తెలుసుకోవాల్సిందేంటి?

కోరుట్లలో ఓ పదో తరగతి కుర్రాడు అనుకుందాం. కబడ్డీ ఆడొచ్చిన దగ్గర్నుంచి మోకాలు నొప్పి అంటున్నాడు. ముందు బామ్ రాశారు. తర్వాత ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్, ఆపై నాటు వైద్యుడి కట్టు. రెండు నెలలైనా నొప్పి తగ్గలేదు, వాపు పెరిగింది. చివరికి ఎవరో ‘చిన్న గడ్డే, కోసేస్తే పోతది’ అన్నారు.

సరిగ్గా ఇక్కడే ఆగాలి. ఆ గడ్డ సార్కోమా అయితే, పిల్లాడి కాలు నిలుస్తుందా లేదా అన్నది ఆ తొలి కోతే తేల్చేయొచ్చు.

అసలేంటీ సార్కోమా?

బొక్కలు, కండరాలు, కొవ్వు, నరాల్లాంటి చోట్ల పుట్టే క్యాన్సర్లివి. పెద్దవాళ్ల క్యాన్సర్లలో వీటి వాటా దాదాపు 1 శాతమే. పిల్లల్లో మాత్రం ఇంకా ఎక్కువ. రకాలు చూస్తే 70కి పైనే! అంటే ఓ జిల్లా డాక్టర్ తన సర్వీసు మొత్తంలో చూసేది కొన్ని కేసులే. గుర్తుపట్టలేకపోయారని తప్పు పట్టలేం. కానీ అనుమానించకుండా కత్తి పెడితే నష్టపోయేది పేషెంటే.

కోతతో ప్రమాదమేంటి?

ముక్క పరీక్ష కోసం సూది దిగిన దారిలో క్యాన్సర్ కణాలు మిగిలిపోవచ్చు. అందుకే అసలు ఆపరేషన్‌లో ఆ దారిని కూడా కలిపి తీసేస్తారు. సూది తప్పు చోట దిగితే, లేదా గడ్డను సగం సగం కోస్తే, తర్వాత తీయాల్సిన భాగం పెరిగిపోతుంది. 1996లో అమెరికాలో 597 మంది పేషెంట్లపై వచ్చిన అధ్యయనం చూస్తే విషయం అర్థమవుతుంది. బయాప్సీలో పొరపాట్ల వల్ల 18 మందికి అవసరం లేకుండానే కాలో చెయ్యో తీసేయాల్సి వచ్చింది. చికిత్స చేసే పెద్ద సెంటర్‌లో కాకుండా, పంపించే ఆసుపత్రిలోనే బయాప్సీ చేసినప్పుడు సమస్యలు 2 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించాయి.

ఒక్క డాక్టర్‌తో అయ్యే పని కాదు

ఎముక సార్కోమాకు ఒకప్పుడు కాలు తీసేయడమే దారి. అలా చేసినా పది మందిలో ఇద్దరు కూడా దక్కడం కష్టమయ్యేది. కీమో తోడయ్యాక, జబ్బు వేరే చోటికి పాకని వాళ్లలో పదికి ఆరేడుగురు బతుకుతున్నారు. చాలామందికి కాలు కూడా నిలుస్తోంది. అయితే స్కాన్ చదివే రేడియాలజిస్ట్, ముక్క చూసే పాథాలజిస్ట్, సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్, ఫిజియోథెరపిస్ట్ ముందే కూర్చుని ప్లాన్ వేస్తేనే ఇది సాధ్యం. దీన్నే ట్యూమర్ బోర్డు అంటారు.

పరిశోధనదీ ఇదే కథ. ఒక్క దేశంలో కేసులు సరిపోవు. అందుకే 2005-2011 మధ్య యూరామోస్ అనే ట్రయల్‌లో 17 దేశాలు కలిసి 2,260 మంది ఎముక క్యాన్సర్ పేషెంట్లను చేర్చాయి. కీమో సరిగ్గా పనిచేయని వాళ్లకు మందులు పెంచితే మేలేమో అని చూశారు. మేలు జరగలేదు, సైడ్ ఎఫెక్ట్‌లే పెరిగాయి. ఇన్ని దేశాలు కలవకపోతే ఈ మాట తేలేది కాదు.

మరి మన జిల్లాల సంగతి?

జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలొచ్చాయి. అలాగని ప్రతి జిల్లాలో సార్కోమా టీమ్ పెట్టాలా? అక్కర్లేదు. ఇంత అరుదైన జబ్బుకు ఊరికో టీమ్ పెడితే ఎవరికీ అనుభవం రాదు. నిర్ణయం పెద్ద సెంటర్‌లోనే జరగాలి. కానీ ప్రతి చిన్న పనికీ మనిషే 200 కిలోమీటర్లు తిరగక్కర్లేదు. మరమగ్గం మీద పనిచేసే తండ్రికి, బీడీలు చుట్టే తల్లికి హైదరాబాద్ ట్రిప్ అంటే ఆ రోజు కూలీ పోయినట్టే. స్కాన్లు, రిపోర్టులు ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు. 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఇప్పటికే వర్చువల్ ట్యూమర్ బోర్డులు నడుపుతోంది. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ చెప్పింది. అవి నిజంగా పనిచేస్తే కొన్ని రకాల కీమో, రక్త పరీక్షలు, ఫిజియోథెరపీ ఇంటి దగ్గరే అయిపోతాయి. ఇప్పుడు లేనిదల్లా ఈ రెండు చివర్లనూ కలిపే లింకే.

మీరేం చేయాలి?

గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, లోతుగా ఉన్నా, పిల్లలు రాత్రిళ్లు బొక్క నొప్పితో నిద్ర లేస్తున్నా ఆలస్యం చేయొద్దు. కట్టు కట్టించొద్దు, మర్దన చేయించొద్దు. ముందు ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్‌ఐ తీయించాలి. అనుమానం ఉంటే బయాప్సీ కూడా అక్కడ చేయించకుండా రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ దవాఖానకు రాయించుకోవాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల రూపాయలు.

ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. నిజానికి ఎక్కువ శాతం కావు. కానీ కోయమని చెప్పిన డాక్టర్‌ని ‘సార్, కోసే ముందు స్కాన్ తీయిద్దామా?’ అని అడగడానికి మొహమాటపడొద్దు. ఆ ఒక్క ప్రశ్నతో ఓ కాలు నిలవొచ్చు.