పాత వ్యానును ఇల్లు చేయగోరువారికి



చక్రముల మీది ఇల్లు మనకు కొత్త సంగతి కాదు. మోటార్లు రాకమునుపు మన పెద్దలు తిరునాళ్లకైనా, కూటములకైనా, దూరపు పెండ్లికైనా గూడుబండి కట్టేవారు. లోపల వరిగడ్డి పరచి, పైన దుప్పటి వేసి పిల్లలను పడుకోబెట్టేవారు. బండి క్రింద లాంతరు, ప్రక్కన నీళ్ల కుండ, వెనుక బియ్యపు మూట. ప్రొద్దుగూకిన చోట ఎడ్లను విప్పి, మూడు రాళ్లు పెట్టి వంట చేసుకొనేవారు. 1885లో మొదలైన సురభి నాటక సమాజమువారు ఇంటిల్లిపాదీ ఊరూరు తిరుగుతూనే బిడ్డలను పెంచుకొన్నారు. మన ఎ.కొండూరు మండలములోని తండాల వారి పూర్వికులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యము వేసుకొని బిడారులుగా దేశము తిరిగినవారే.

ఇప్పుడు ఆ ఆశ మరొక రూపములో వచ్చినది. పాత టెంపో ట్రావెలర్‌నో, పాత స్కూలు బస్సునో చవకగా కొని, సీట్లు తీయించి, మంచము, పొయ్యి, నీళ్ల తొట్టి పెట్టించుకోవలెనని మన యువకులు కొందరు తలంచుచున్నారు. రిటైరైన తరువాత భార్యాభర్తలిద్దరూ అందులో దేశము చూడవలెనని కోరుకొనే ఉపాధ్యాయులూ ఉన్నారు. "చవకగా వస్తున్నది అయ్యగారూ, తీసుకోమంటారా?" అని అడిగేవారికి ఈ నెల నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది.

పాత బండికి మరల ప్రాణము పోయవచ్చుననుటకు తెలుగువారికి అందరికంటె బాగా తెలిసిన ఉదాహరణ చైతన్యరథము. 1982 మార్చి 29న పార్టీని ప్రకటించిన నందమూరి తారక రామారావు గారు 1940ల నాటి షెవర్లే వ్యానును మార్పించుకొని, అందులో రాష్ట్రమంతటా తిరిగారు. వారి కుమారుడు హరికృష్ణ గారు దానిని నడిపారు. పైకప్పు మీద నిలువబడి మాట్లాడుటకు చోటు, మైకులు, లోపల కొంత విశ్రాంతికి వీలు, ఇవి ఆ బండిలో ఉన్నవి. రోడ్డు ప్రక్కనే స్నానము, రోడ్డు ప్రక్కనే భోజనము. 1983 జనవరిలో ఎన్నికలు జరిగి, ఆ నెల 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణము చేశారు. ఆయన పేరే 2022 ఏప్రిల్ 4 నుండి మన జిల్లాకు ఉన్నది. రాజకీయము మన పేజీకి అక్కరలేదు. దశాబ్దముల నాటి ఇనుము కూడ శ్రద్ధగా బాగుచేస్తే ఎంత సేవ చేయగలదో గమనిస్తే చాలును.

అయితే పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లు కాకూడదు. ఆ బండి వెనుక మెకానిక్కులూ మనుషులూ ఎల్లప్పుడు ఉండేవారు. నాటి చట్టము వేరు, నేటి చట్టము వేరు. మన బండి నడిరోడ్డు మీద ఆగిపోతే దిగి తోయవలసినది భార్యాబిడ్డలే. గనుక మంచము కొలతలు, పరదాల రంగు ఆలోచించక ముందే ఈ నాలుగు సంగతులు చూచుకొనవలెను.

మొదటిది, కాగితములు. బయానా ఇవ్వకముందే ఆర్.సి. చేతికి తీసుకొని, దానిలోని ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో సరిపోవుచున్నదో లేదో స్వయముగా చూడండి. ఫైనాన్సు బాకీ, పన్ను బాకీ ఉన్నదా అని విచారించండి. సొంత వాహనపు రిజిస్ట్రేషన్ 15 ఏండ్లకు ముగుస్తుంది, ఆపైన పరీక్ష చేయించి 5 ఏండ్లకొకసారి పొడిగించుకోవలెను. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్దేశించిన వివరములకు తేడా వచ్చునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పినది. అదే సంవత్సరము వచ్చిన సవరణ ప్రకారము, అనుమతి లేని ప్రతి మార్పునకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చును. మోటారు కారవాన్‌లకు ఎ.ఐ.ఎస్.-124 అని ప్రత్యేక ప్రమాణమే ఉన్నది. ముందుగా రవాణా కార్యాలయములో ఏమి మార్చదలచినదీ వ్రాతపూర్వకముగా చూపి అడగండి. "అవన్నీ మేము చూచుకొంటాము" అనే మధ్యవర్తి మాట ప్రమాదము జరిగిన రోజున బీమా కంపెనీ ముందు నిలువదు.

రెండవది, అడుగుభాగము. పాత బండి మెరుపంతా పైననే ఉంటుంది, రోగమంతా క్రిందనే ఉంటుంది. అయస్కాంతము ఒకటి జేబులో వేసుకొని వెళ్లండి. రేకుకు అంటుకొనక జారిపోయిన చోట లోపల తుప్పు, పైన లప్పము అని గ్రహించండి. చిన్న సుత్తితో ఛాసిస్‌ను తట్టితే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. కమాన్ కట్టలలో పగుళ్లు, బ్రేకు పైపులలో చెమ్మ చూడండి. టైరు గుండీలు బాగున్నవని మోసపోకండి. తిరుగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. టైరు ప్రక్కన నాలుగంకెలు ఉంటాయి. 3518 అని ఉంటే 2018వ సంవత్సరము 35వ వారములో తయారైనదని అర్థము. తిరువూరు రోడ్డున పోయే మనకు విజయవాడ ఆటోనగరు దగ్గరే. అక్కడ బాడీ కట్టే పనివారు, మెకానిక్కులు దొరుకుతారు. కొనకముందే, అమ్మేవారికి సంబంధము లేని మెకానిక్కుకు కూలి ఇచ్చి బండిని చూపించుట మంచిది. మీ డబ్బులో మొదటి భాగము బ్రేకులకు, స్టీరింగుకు, టైర్లకు పోవలెను. మిగిలినది మంచమునకు.

మూడవది, బరువు. లీటరు నీరు కిలో బరువు. వంద లీటర్ల తొట్టి నింపితే క్వింటాలు ఎక్కినట్లే. దానికి మంచము, బీరువా, బ్యాటరీలు, వంటసామాను, మనుషులు కలుపుకోండి. ఆర్.సి.లో మొత్తము ఎంత బరువు అనుమతించినదీ వ్రాసి ఉంటుంది. పని పూర్తయిన తరువాత ధాన్యము లారీలు తూచే కాటా మీద నిండు బండిని ఒకసారి తూయించండి. నీళ్ల తొట్టి నేలకు దగ్గరగా, ముందు వెనుక ఇరుసుల నడుమ ఉండవలెను. బరువంతా వెనుక చక్రముల అవతల పెడితే ముందు చక్రములకు నేల మీద పట్టు తగ్గుతుంది. పైకప్పు మీద సామాను పేర్చితే మలుపులో బండి ఒరుగుతుంది. తొట్టి లోపల అడ్డుపలకలు లేకపోతే, బ్రేకు వేసినప్పుడు సగము నిండిన నీరు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, నిప్పు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారితే కిటికీ నుండి పోదు, నేలమీద మడుగువలె నిలుస్తుంది. గనుక సిలిండరు పెట్టే అర బయటి వైపుకు తెరుచుకొనవలెను, దాని అడుగున రంధ్రము ఉండవలెను. బండి కదులుచున్నంతసేపు సిలిండరు కట్టివేయవలెను. మన పెద్దలవలె బయట దిగి వండుకొనుట ఇంకా క్షేమము. ఇంజను నడుస్తుండగా లోపల నిద్రపోవద్దు. పొగలోని విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఫ్యాను, దీపముల కొరకు వేరే బ్యాటరీ పెట్టించి, ఆ బ్యాటరీ ప్రక్కనే ఫ్యూజు వేయించండి. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సుమారు 1,200 వాట్-అవర్లు ఉంటాయి. సీసపు బ్యాటరీ అయితే అందులో సగమే వాడదగినది. 25 వాట్ల ఫ్యాను రాత్రి 8 గంటలు తిరిగితే 200 ఖర్చగును. 10 వాట్ల దీపము 4 గంటలకు 40. ఈ లెక్క ప్రకారము రెండు రాత్రులు సుఖముగా గడుస్తాయి. ఏ.సి. మాట వేరు, అది ఈ లెక్కలో ఇమడదు.

లోపల పడుకొన్న వారికి బయటికి రెండు దారులు ఉండి తీరవలెను. చాలామంది వెనుక తలుపునకు అడ్డముగా మంచము బిగిస్తారు, కిటికీలకు ఊచలు వేయిస్తారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద స్లీపర్ బస్సు తగులబడి 19 మంది ప్రయాణికులు మరణించిన సంగతి మనమింకా మరువలేదు. నిద్రలో ఉన్నవారికి మంట వచ్చినప్పుడు దొరికే సమయము బహు స్వల్పము. ఇంట్లో చిన్నబిడ్డ చీకటిలో తడుముకొని తీయగల గడియ పెట్టించండి. మంటలార్పే సిలిండరు డ్రైవరుకు చేయి అందే చోట ఉంచండి. బయలుదేరక ముందు ఒకసారి దీపములార్పి, ఇంటివారందరిచేత దిగుట అభ్యాసము చేయించండి.

ఈ నాలుగూ సరిపోయిన తరువాత మీ ఇష్టము వచ్చినట్లు అలంకరించుకోండి. పైకప్పుకు తెల్లరంగు వేయిస్తే మన వేసవిలో వేడి కొంత తగ్గుతుంది. రెండు రేకుల నడుమ వేడి ఆపే పలకలు పెట్టించి, వేడిగాలి పోవుటకు పైన ఒక రంధ్రము ఉంచితే మరీ మంచిది. మొదటి ప్రయాణము కాశ్మీరుకు పెట్టుకోవద్దు. మైలవరము దాకా వెళ్లి, ఒక రాత్రి నిద్ర చేసి రండి. ఏది ఊడినదో, ఏది కారినదో, అమ్మకు నడుము నొప్పి వచ్చినదో లేదో అప్పుడు తెలుస్తుంది. అవి సరిచేయించుకొని దూరము వెళ్లవచ్చును.

లెక్క వేసిన తరువాత శక్తికి మించినదని తోచితే వెనుకకు తగ్గుట అవమానము కాదు. పొలము తాకట్టు పెట్టి, ఆడపిల్ల చదువు డబ్బు తీసి చేయదగిన పని ఇది కానే కాదు. సెలవులకు అద్దెబండిలో వెళ్లి వచ్చినా గోదావరి అదే గోదావరి, అరకులోయ అదే అరకులోయ.