మార్లవాయి నుండి మూసీ తీరమునకు

హైదరాబాదున నయాపూల్ దాటి మూసీ దక్షిణపుటొడ్డున నిలిచిన సిటీ కళాశాల సౌధమును తొలిసారి చూచు ఉట్నూరు గోండు బాలికకు, ఆ గుమ్మటములకంటె దుర్గమమైనది 2016 నుండి తెలంగాణలో డిగ్రీ ప్రవేశములకు ద్వారమైన ‘దోస్త్’ ఆన్‌లైను దరఖాస్తే. ఆధారుతో ముడిపడిన ఫోను సంఖ్య, కుల ధ్రువపత్రము, ప్రాధాన్యక్రమమున పేర్చవలసిన కళాశాలల పట్టిక, వీనిలో నొక్కటి తప్పినను, 2022లో 6 నుండి 10 శాతమునకు పెరిగిన గిరిజన రిజర్వేషను ఆమెకు కాగితముమీది హక్కుగానే మిగులును.

1940లో గోండు తిరుగుబాటు నాయకుడు కొమురం భీము నేలకొరిగిన పిమ్మట గోండుల స్థితిగతులరయ నిజాము ప్రభుత్వము నియోగించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫు, 1943లో గోండు గూడెమైన మార్లవాయియందు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రమును నెలకొల్పి, గోండు యువకులనే గురువులుగ తీర్చి, గోండీలోనే వాచకములు వ్రాయించెను. పాలకుల ప్రయోజనము అందులో లేదనలేము. అయినను, గూడెమువారికి గూడెమువాడే చెప్పవలెనన్న ఆ వివేకము నేటి మన ప్రవేశ ప్రకటనలలో కానరాదు.

నగర కళాశాలలు తమయొద్ద చదువుచున్న గోండు, కోయ, కొలాము విద్యార్థులకే భత్యమిచ్చి, ప్రవేశ విధానమును వివరించుటకు ఇంటరు పరీక్షలకు పూర్వమే గిరిజన గురుకులములకు పంపవలెను. ఉపకారవేతనము ఆలసించిన నెలలలో భోజనమెట్లన్నది వారికి తెలిసినట్లు అధికారులకు తెలియదు. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము వెలసినదిగదా యని నగరము చేతులు దులుపుకొనరాదు. ఆ బాలిక గణితమే కోరునో, ఉర్దూ సాహిత్యమే కోరునో! ఏది కోరినను, తరగతులు మొదలగునాటికే వసతిగృహమున ఆమెకు చోటు సిద్ధముగ నుండవలెను.