నిజాం పేరు ఎవరి సొత్తు?

ఎన్నికలు దగ్గర పడిన ప్రతిసారీ నిజామాబాద్ పేరు తీసి ఇందూరు అని మారుస్తామనే వాగ్దానం వినబడుతోంది. ఇందూరు అన్న పేరుతో మాకు విరోధం లేదు. అది ఆ ఊరి పాతపేరే. మా చిన్నతనంలో పెద్దలు, ముస్లింలతో సహా, రెండు పేర్లనూ ఒకే మాటలో కలిపి వాడేవారు. మా అభ్యంతరమంతా మార్పుకు చెబుతున్న కారణం మీద. నిజాం పేరు బానిసత్వపు గుర్తట. దాన్ని తుడిచివేస్తేనే విముక్తి పూర్తవుతుందట.

మంచిది. అయితే ఆ పేరు ఎక్కడెక్కడ ఉందో ఒకసారి చూద్దాం. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉంది. దాని వెనుక ఉన్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ప్రభుత్వమే ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతోంది. ఆ కాలువ కింద వరి వేసిన రైతు ఏ నవాబుకు సలాం చేసి తూము ఎత్తాడు? 1887 నాటి నిజాం కళాశాల ఉంది. పంజాగుట్టలో రోగులు తెల్లవారకముందే వరుస కట్టే నిమ్స్ ఉంది. పుణెలో మహాభారత పరిశోధిత ప్రతిని వెలువరించిన భండార్కర్ సంస్థ ఆవరణలో నిజాం విరాళంతో కట్టిన అతిథిగృహం ఉంది. దానికీ నిజాం పేరే. భారతాన్ని పరిష్కరించిన పండితులకు ఆ పేరు మైల అనిపించలేదు.

సముద్రం మీద కూడా ఆ పేరు తిరిగింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో తయారై, 1941 జనవరిలో ఆస్ట్రేలియా నౌకాదళంలో చేరిన ఒక యుద్ధనౌక పేరు 'నిజాం'. హైదరాబాద్ ప్రభువు ఇచ్చిన ధనానికి గుర్తుగా పెట్టిన పేరది. క్రీట్ దీవి నుంచి సైనికులను తరలించింది. ముట్టడిలో ఉన్న టోబ్రుక్‌కు సరుకులు మోసింది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా తీరాన ఒక పెద్ద అల ఆ నౌకను కొట్టి పదిమంది నావికులను సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. అదే ఏడాది సెప్టెంబరు 2న జపాన్ లొంగిపోయిన వేళ టోక్యో అఖాతంలో ఉన్న ఓడలలో అదీ ఒకటి. ఆ ఓడను ఎన్నడో విడగొట్టేశారు. కాని చనిపోయిన ఆ పదిమంది పేర్ల పక్కన అక్కడి దస్త్రాలలో నేటికీ 'నిజాం' అనే ఉంటుంది. నిజాం ముఖం చూడని వారి పిల్లలకు అది తమ తండ్రి పనిచేసిన ఓడ పేరు, అంతే. మన నిజామాబాద్ వాసికి అది తన ఊరి పేరు అయినట్టే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మేము నిజాం పాలనకు వకాల్తా పుచ్చుకోలేదు. ఆ పాలనలో వెట్టి ఉంది, జాగీర్దారుల దౌర్జన్యం ఉంది, చివర రజాకార్ల అఘాయిత్యం ఉంది. దాన్ని ఎదిరించిన వారిలో మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో ప్రాణాలిచ్చిన పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఉన్నాడు. నిజాంను తిట్టదలచినవారు ఈ ఇద్దరి పేర్లు ఎందుకు ఎత్తరు? ఎత్తితే, ముస్లింలందరినీ నిజాం వారసులుగా నిలబెట్టి నిందించే వీలు పోతుంది కాబట్టి. దూది ఏకుకుని బతికిన మా తాతలకు ఆ ఖజానా నుంచి ఒక్క రూపాయి ముట్టలేదు.

మనవాళ్ల తప్పూ తక్కువేమీ కాదు. బోధన్‌లో 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. వేలాది కుటుంబాలు, హిందువులూ ముస్లింలూ, ఆ గేటు ముందు దిక్కుతోచక నిలబడ్డాయి. బోర్డు మీద పేరు కోసం సభలు పెట్టే మనం ఆ గేటు తెరిపించడానికి ఎన్ని సభలు పెట్టాం? పేరు మార్చమనేవారు చెరుకు రైతు బకాయిల గురించి మాట్లాడకపోవడంలో వింత లేదు. మనం మాట్లాడకపోవడమే వింత.

ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేసినవాళ్లం గనుక ఇంకొకటి తెలుసు. పేరు మార్చడం జీవో మీద ఒక్క సంతకం. దాన్ని మోయవలసింది మాత్రం పేదవాడి ప్లాస్టిక్ కవరులోని కాగితాలు. 2016లో నిజామాబాద్ నుంచి కామారెడ్డి జిల్లా విడిపోయాక, భర్త పత్రాలలో ఒక జిల్లా, తన ఆధార్‌లో మరో జిల్లా ఉన్న ఒక ముసలమ్మ పింఛను కోసం ఒక కచేరీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో చూశాం. "బాబూ, నేను ఊరు మారలేదు, ఊరే నన్ను వదిలి పోయింది" అంది. మహారాష్ట్రలో 2023లో ఔరంగాబాద్, ఉస్మానాబాద్ పేర్లు మారాయి. అక్షరం తేడా వస్తే పౌరసత్వాన్నే శంకించే ఈ రోజుల్లో అక్కడి ముసలమ్మలు ఏ కాగితంతో ఏ ఊరివాళ్లమని నిరూపించుకోవాలి?

నిజామాబాద్ పేరు మార్పు ప్రతిపాదన కాగితం మీదికి వస్తే మనం దాఖలు చేయవలసిన అభ్యంతరంలో నిజాం ఘనత గురించి ఒక్క వాక్యమూ అక్కరలేదు. ఈ కాగితాల సంగతి రాయండి. పాత పేరున్న ప్రతి పత్రమూ ఏ రుసుమూ, ఏ ప్రమాణపత్రమూ లేకుండా చెల్లుతుందని రాతపూర్వక హామీ అడగండి. దాని కిందే బోధన్ కర్మాగారం ఎప్పుడు తెరుస్తారని అడగండి. సంతకాలు మసీదు దగ్గర మాత్రమే కాదు, చెరుకు రైతుల ఇళ్ల దగ్గర కూడా చేయించండి.