నాలుగు తర్వాత ఎవరి అంకె?

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల కొలాముల భాష కొలామీ. అందులో నాలుగు దాకా సొంత అంకెలున్నాయి: ఒక్కోద్, ఇందింగ్, మూందింగ్, నాలింగ్. ఐదు నుంచి చాలావరకు తెలుగు అంకెలే. మహారాష్ట్రలోని వార్ధా కొలాముల భాషపై 1955లో ఎమెనో ప్రచురించిన పుస్తకంలోనూ ఇదే కనిపిస్తుంది.

దీన్ని చూపి ‘నాలుగుకు మించి లెక్క రానోళ్లు’ అనడం ఆధిపత్య అహంకారం. కొలామీలో ఇద్దరు మగవాళ్లయితే ‘ఇద్దర్’, ఆడవాళ్లయితే ‘ఈరల్’, వస్తువులైతే ‘ఇందింగ్’. తెలుగులో ఆడా మగా అందరికీ ‘ఇద్దరు’ ఒక్కటే. సంత, అప్పు, కూలి, బడి అన్నీ పెద్ద భాషలో నడిస్తే పెద్ద అంకెలూ ఆ భాషవే అవుతాయి.

ఇక రాజ్యం లెక్క చూద్దాం. 2011 జనగణనలో కొలామీ మాట్లాడేవారు 1,28,451 మంది. మన దేవరకొండ తండాల్లో వినిపించే లంబాడీని దేశంలో 32,76,548 మంది మాతృభాషగా చెప్పినా హిందీ కింద కలిపేశారు. దేశం మొత్తంలో 10 వేల మందికి తగ్గితే ఆ భాష పేరే జాబితాకెక్కదు.

2027 జనగణనలో కులం గడితో పాటు మాతృభాష గడినీ కాపాడుకోవాలి. భాషాపరమైన అల్పసంఖ్యాక పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య అందించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతోంది. కొలాం పిల్లల ఒకటో తరగతి లెక్కలు కొలామీలోనే మొదలుకావాలని ప్రభుత్వాన్ని నిలదీద్దాం.