ఇంటర్వెల్ కబుర్లు: పొయ్యి వెలిగించని లడ్లు

'మాయాబజార్' చూడని తెలుగువాళ్ళు ఉంటారా? ఉంటే వాళ్ళకి ఈ వారం సంచిక అమ్మొద్దని మా ఎడిటరుగారికి చెప్పాలి! 1957లో వచ్చిన సినిమా. మా తాతయ్య టెంటు హాల్లో నేలమీద కూచుని చూశాట్ట. మా అమ్మ బెంచీ క్లాసులో చూసింది. నేను టీవీలో చూశాను. మొన్న ఆదివారం మా అక్కయ్య కూతురు బుజ్జి, దాని నలుగురు స్నేహితులూ మా ఇంట్లో చాపమీద వరసగా కూచుని చూశారు. తరాలు మారాయిగాని, ఎస్వీ రంగారావుగారు నోరు తెరవగానే లడ్లు వాటంతటవే లేచి వెళ్ళే సీను దగ్గర మాత్రం అందరూ చేసే పని ఒక్కటే... మనమూ నోరు తెరవడం!

"మావయ్యా, మనకీ లడ్లు కావాలి" అన్నాడు ఎదురింటి కుర్రాడు. మిగతావాళ్ళు వంత పాడారు. బుజ్జి మాత్రం టీవీ మీంచి చూపు తిప్పకుండా, "నాకొద్దులే, నెయ్యి ఉంటుందిగా" అంది.

ఏడేళ్ళ పిల్ల. లడ్డూ వద్దనే వయసా అది?

సంగతేమిటంటే, బుజ్జికి పాలు పడవు. రెండేళ్ళ కిందట ఎవరిదో పుట్టినరోజుకి వెళ్ళి పాలకోవా ముక్క తింది. కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాపు. ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాం. ఆనాటి అక్కయ్య మొహం నాకింకా గుర్తే. "పాలు, పెరుగు, వెన్న, నెయ్యి... ఏవీ వద్దు" అన్నారు డాక్టరుగారు. అప్పట్నించీ ఏ పెళ్ళికెళ్ళినా, ఏ పేరంటానికెళ్ళినా దానికి వినపడే డైలాగ్ ఒక్కటే: "నీకొద్దమ్మా!" అనేవాళ్ళది ప్రేమే, కాదనను. కాని ప్రతిచోటా అదే డైలాగ్ అయితే, అందరి మధ్యా కూచుని కూడా పిల్ల ఒంటరిదైపోదూ?

పై ఆదివారం దాని పుట్టినరోజు. నాకా, వంటంటే టీ పెట్టడమే. అదీ సగం పొంగిపోతుంది. తెనాలిలో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. "పాలూ నెయ్యీ లేని స్వీటు ఏదన్నా చెప్పవే, పొయ్యి జోలికి పోకుండా" అన్నాను. అమ్మ నవ్వింది. "నాగులచవితికి చిమ్మిలి తిని పెరిగినవాడివేనట్రా నువ్వు? దానికి పొయ్యెందుకు, నెయ్యెందుకు?" అంది.

చూశారా! పాలూ పెరుగూ కూడా వద్దనే వాళ్ళని ఈ రోజుల్లో వీగన్లు అంటున్నారు. ఆ మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. మా అమ్మమ్మకి ఆ మాట తెలీదు. రోలూ రోకలీ తెలుసు, అంతే!

సరే, శనివారం షూటింగ్ మొదలుపెట్టాం. నిర్మాత నేను. ఫోన్లో డైరెక్షన్ అమ్మది. మిగిలిన డిపార్టుమెంట్లన్నీ పిల్లలవే. మిక్సీ మాత్రం పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉండాలని ముందే ఒప్పందం. జాడీకి నెయ్యి వాసన కూడా లేకుండా రెండుసార్లు కడిగాం.

మొదటి రీలు చిమ్మిలి. గ్లాసు నువ్వులు కడిగి, ఆరబెట్టి, ముప్పావు గ్లాసు బెల్లం తురుముతో కలిపి దంచాలి. మిక్సీ అయితే ఒక తిప్పు తిప్పి ఆపాలి, మళ్ళీ తిప్పాలి. నేను ఆపకుండా తిప్పేశాను. నూనె తేలి జావలాగా అయింది! "ఎన్.జి.!" అని అరిచారు పిల్లలు. రెండో టేకు ఓకే. పలుకు తగులుతూ ఉండగానే తీసి ఉండలు కట్టాం. నువ్వుల్లో ఉన్న నూనే వాటిని పట్టి ఉంచుతుంది.

రెండో రీలు ఖర్జూరం ఉండలు. వేయించిన పల్లీలు బజార్లో దొరుకుతాయి. ఉప్పు లేనివి చూసి గ్లాసుడు కొనండి. పొట్టు నలిపి ఊదడం పిల్లల పని. మావాళ్ళు ఫ్యాన్ వేసి మరీ ఊదారు, గదంతా తుఫాను సీను! పల్లీలు రవ్వలా చేసి, గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు పదిహేను వేసి తిప్పితే ముద్దవుతుంది. ఉండలు చేసి ఎండుకొబ్బరి పొడిలో దొర్లించడమే. బెల్లం కూడా అక్కర్లేదు.

మూడోది మరీ సులువు. పల్చటి అటుకుల మీద నీళ్ళు చిలకరించి, పచ్చికొబ్బరి కోరు, బెల్లం తురుము, కాస్త యాలకుల పొడి కలపండి. పది నిమిషాల పని. పచ్చికొబ్బరి నిలవుండదు కాబట్టి చేసిన పూటే తినెయ్యాలి.

ఒక్క నిమిషం, ఇక్కడ నవ్వులాట కాదు. పాలు పడని పిల్లల్లో కొందరికి నువ్వులూ పల్లీలూ కూడా పడవు. బుజ్జికి పడతాయని డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టాం. వచ్చిన పిల్లల అమ్మల్నీ విడివిడిగా అడిగాం. మరీ చిన్నపిల్లల చేతికి పల్లీలు గింజల పళాన ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. ఇంకోటి, బెల్లం కదా అని బొక్కడానికి లేదు. ఒంట్లోకి వెళ్ళాక అదీ పంచదారకి చుట్టమే! రోజు మొత్తం తిండిలో వచ్చే శక్తిలో కలిపిన తీపి వాటా పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పిల్లలకి చిన్న ఉండలు చేసి, రోజుకొకటి చాలనండి.

ఆదివారం సాయంత్రం. ఇంటినిండా జనం. పళ్ళెం బుజ్జి చేతిలో ఉంది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి తనే పంచుతోంది. కిందింటి పిన్నిగారు చిమ్మిలి తీసుకుని, అలవాటు కొద్దీ, "నువ్వు తినకే తల్లీ, నీకొద్దు" అన్నారు.

బుజ్జి ఆగింది. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

"ఇది నాకూ పడుతుంది పిన్నిగారూ. నేనే చేశాను" అని, పళ్ళెంలోంచి ఒక ఉండ తీసుకుని, రంగారావుగారిలాగా నోరు ఇంత తెరిచి లోపల పడేసుకుంది.

పిన్నిగారు నవ్వారు. అక్కయ్య మాత్రం వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎందుకో నేను అడగలేదు.

మీ ఇంట్లోనూ 'నీకొద్దమ్మా' అనిపించుకునే చంటి ఎవరన్నా ఉన్నారా? ఈ ఆదివారం మార్నింగ్ షో మానేసి, వాళ్ళని పక్కన కూచోబెట్టుకుని ఉండలు కట్టండి. మ్యాట్నీ ఎలాగూ ఉందిగా! ఎలా కుదిరాయో ఉత్తరం రాయండి. మొదటి టేకు ఎన్.జి. అయినా సరే, దాచకుండా రాయండి.

అదిగో, బెల్లు కొట్టారు. ఇంటర్వెల్ అయిపోయింది. వచ్చేవారం కలుద్దాం!