కారు కన్ను గీటడం మానేస్తే...

అమ్మాయి పెళ్ళికి పట్టుచీరలు కొందామని హిందూపురం నుంచి ధర్మవరం వెళ్ళామండీ. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచీ కొత్త కియా కార్లు తయారవుతున్నాయి గానీ, మాది మాత్రం 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800. తిరిగొచ్చేసరికి చీకటి పడింది. పెనుకొండ దగ్గర టీ తాగుదామని మావారు ఎడమవైపు ఇండికేటర్ వేశారో లేదో, హెడ్‌లైట్లు రెండూ ఆరిపోయాయి! వెనక లారీ. ఒళ్ళో చీరల మూట గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఎలాగో పక్కకి తీశారు.

కాలిన ప్లాస్టిక్ వాసన నాలుగు రోజులుగా వస్తూనే ఉంది. చెబితే, "నీకన్నీ వాసనలే" అన్నారు.

మర్నాడు మెకానిక్ స్టీరింగ్ దగ్గరి స్విచ్ విప్పి చూపించాడు. ఇండికేటరూ, హెడ్‌లైటూ ఒకే కాడలో ఉంటాయి కదా, లోపల కాంటాక్టులు మాడి నల్లబడ్డాయి. కాడ కదలగానే వదిలేశాయట. కారణం వినండి. బాగా కనబడాలని మావారు 55 వాట్ల బల్బులు తీసి 90 వాట్లవి వేయించారు. 9 ఆంపియర్లు పోవలసిన చోట 15! మిక్సీ ప్లగ్గులో గీజర్ పెట్టినట్టే. కొత్త స్విచ్, పాత వాట్ల బల్బులు వేయించి రిలే పెట్టించాం. ఇక బల్బుల కరెంటు రిలే గుండా పోతుంది, స్విచ్ మీద భారం పడదు.

ఇండికేటర్ మరీ గబగబా కొట్టుకుంటుంటే ఆ వైపు బల్బొకటి పోయిందన్నమాట. రెండువైపులా వెలగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత ఫ్లాషర్ చూడమనండి. ఏది విప్పాలన్నా ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయాల్సిందే.

ఇప్పుడు ఊరికి బయల్దేరే ముందు నేనే కారు ఎదుట నిలబడి "ఎడమ... కుడి... డిమ్ము..." అంటున్నాను. మావారు మారుమాట లేకుండా వేస్తున్నారు.